సంఘస్థుడు కార్మిక సంఘంలో చేరవచ్చునా?

2025 డిసెంబరు 25న మన మందిరాలన్నీ క్రిస్మస్ ఆరాధనలో ఉన్న వేళ దేశంలోని పలు నగరాల్లో డెలివరీ కార్మికులు యాప్‌లు కట్టేసి ఇంటి దగ్గరే ఉండిపోయారు. తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్, ఇండియన్ ఫెడరేషన్ ఆఫ్ యాప్ బేస్డ్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ కలిసి ఇచ్చిన పిలుపు అది. వారం తిరగకుండానే డిసెంబరు 31న మరోసారి సమ్మె చేశారు. కేకులకు, బిరియానీలకు గిరాకీ ఉండే రోజులనే వాళ్ళు ఎంచుకున్నారు. ‘వీళ్ళకు పండుగ రోజే దొరికిందా?’ అని మన విశ్వాసుల ఇళ్ళలో కొందరు విసుక్కున్నారు. సమ్మెలో ఉన్నవారిలో మన సంఘాల్లో బాప్తిస్మం పొందిన పిల్లలు కూడా ఉన్నారని వారిలో చాలామందికి తెలియదు.

తెలిసిన తల్లిదండ్రులు మాత్రం పాస్టర్ల దగ్గరికి వస్తున్నారు. “అయ్యగారూ, మావాడు యూనియన్‌లో పేరు రాయించుకుంటానంటున్నాడు. జెండాలు పట్టుకుని రోడ్డెక్కడం విశ్వాసికి తగునా? మీరొక మాట చెప్పండి” అంటున్నారు. ఒక మాట చెప్పమంటే ‘వద్దని చెప్పండి’ అనే దాని అర్థం. ఈ ప్రశ్న మా దగ్గరికీ పలుమార్లు వచ్చింది కనుక మా జవాబు దాచకుండా చెబుతాం. చేరవచ్చు. చేరడమే మంచిదని కూడా మా అభిప్రాయం. అయితే విశ్వాసిగా చేరాలి, విశ్వాసిగానే అందులో నిలవాలి.

తెలుగులో మనకొక విచిత్రమైన సౌలభ్యం ఉంది. గ్రీకు బైబిలులో ‘ఎక్లేసియా’ అన్న మాటను మన పెద్దలు ‘సంఘము’ అని అనువదించారు. కార్మికులు కూడితే అదీ సంఘమే. మనం ఆదివారం ‘సంఘానికి వెళ్తున్నాం’ అంటాం, వాళ్ళు ‘సంఘం మీటింగు ఉంది’ అంటారు. ఎక్లేసియా అంటే కూడా పిలుపు అందుకుని ఒకచోట కూడిన జనమే. ఒంటరివాడికి లేని బలం కూడికలో ఉందని నమ్మి రెండు వందల ఏళ్ళుగా తెలుగునాట సంఘాలు కడుతున్న మనం, కూలివాడు అదే పని చేస్తే ఉలిక్కిపడటం ఎందుకు?

ముందు ఈ పని ఎలాంటిదో తెలుసుకోవాలి. తెలియకుండా సలహా ఇచ్చే పాస్టర్లు చాలామందే ఉన్నారు. బండి కార్మికుడిది. పెట్రోలు కార్మికుడిది. ఫోను, డేటా ప్యాకు, బండి వాయిదా, పంక్చరు అన్నీ అతనివే. కంపెనీది యాప్. ఏ ఆర్డరు ఎవరికి ఇవ్వాలో, దానికి ఎంత చెల్లించాలో, ఎన్ని ఆర్డర్లు దాటితే ఇన్సెంటివ్ ఇవ్వాలో ఆ యాప్ నిర్ణయిస్తుంది. నిన్న ఉన్న రేటు ఇవాళ ఉండదు, ఎందుకు మారిందని అడగడానికి ఎదురుగా మనిషి ఉండడు. కస్టమరు కోపంతో ఒక ఫిర్యాదు పెడితే ఐడీ బ్లాక్ అయిపోవచ్చు. అంటే ఉద్యోగం పోయినట్టే, కానీ చేతికి కాగితం రాదు. మా సంఘంలోని ఒక యువకుడి ఐడీ అలాగే పోయింది. కంపెనీకి నాలుగు రోజులు మెసేజ్‌లు పెట్టాడు. ప్రతిసారీ వచ్చిన జవాబు ఒక్కటే, అక్షరం తేడా లేకుండా. ఐదో రోజు మా దగ్గరికి వచ్చి “అయ్యగారూ, తిట్టినా బాగుండేది, తిట్టడానికైనా అక్కడ మనిషి ఉన్నాడని తెలిసేది” అన్నాడు. మేము ప్రార్థన చేసి పంపించాం. ఆ కంపెనీలో ఎవరితో మాట్లాడాలో మాకు మాత్రం ఏం తెలుసు? చివరికి యూనియన్‌లో ఉన్న అతని స్నేహితులు వెంట పడితే మూడు వారాలకు ఐడీ తిరిగి వచ్చింది.

ఈ కార్మికుణ్ణి కంపెనీలు ‘పార్ట్‌నర్’ అంటాయి. తెలుగులో చెప్పాలంటే భాగస్వామి. ఈ మాట విన్నప్పుడల్లా మాకు లాబాను గుర్తొస్తాడు. యాకోబు అతని ఇంటికి వచ్చిన రోజున లాబాను అతణ్ణి తన ఎముక, తన మాంసం అని అక్కున చేర్చుకున్నాడు (ఆదికాండము 29:14). ఇంతకన్నా గొప్ప పార్ట్‌నర్‌షిప్ ఉంటుందా? అదే లాబాను ఇరవై ఏళ్ళలో యాకోబు జీతాన్ని పదిసార్లు మార్చాడు (31:41). పగటి ఎండ, రాత్రి చలి యాకోబువి. పోయిన గొర్రె నష్టం కూడా యాకోబుదే. లాబాను బాకీ పడింది ఏమీ లేదు, అల్లుడే కదా! బంధుత్వపు మాట తియ్యగా ఉన్నచోట లెక్క మరింత జాగ్రత్తగా చూసుకోవాలని ఆ ఇరవై ఏళ్ళ కథ చెబుతుంది. భాగస్వామికి లాభంలో భాగం ఉండాలి, లేదా రేటు మార్చే ముందు అతణ్ణి అడగాలి. ఈ రెండూ లేనప్పుడు అతణ్ణి కూలివాడు అనడమే నిజాయితీ. కూలివాడంటే అతని కూలికి ధర్మశాస్త్రం అడ్డు నిలుస్తుంది. పొద్దు గుంకక ముందే కూలి ఇచ్చెయ్యమని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం ఆజ్ఞాపిస్తే, బిగపట్టిన కూలి తానే నోరు తెరచి మొరపెడుతుందని యాకోబు పత్రిక 5వ అధ్యాయం హెచ్చరిస్తుంది.

ప్రభువు చెప్పిన ద్రాక్షతోట ఉపమానంలో (మత్తయి 20) ఉదయం వచ్చినవారికి కూలి ముందే మాట్లాడుకున్నారు, ఒక దేనారము. సాయంకాలం అంతకు తక్కువ ఎవరికీ ఇవ్వలేదు. ఎక్కువ ఇచ్చినందుకే అక్కడ గొడవ వచ్చింది. మన నగరాల్లో పొద్దున్నే లేబర్ అడ్డాల్లో నిలబడే కూలీలు కూడా బండెక్కే ముందు ఎంతిస్తారో అడిగే ఎక్కుతారు. చేతిలో స్మార్ట్‌ఫోను ఉన్న డెలివరీ కుర్రాడికి అడ్డా మీది కూలీకున్న ఆ పాటి వెసులుబాటు కూడా లేదు.

‘అన్యాయమే, కాదనం. కానీ విశ్వాసి మోకాళ్ళ మీద పోరాడాలి గాని రోడ్ల మీద కాదు’ అంటారు కొందరు. మోకాళ్ళ మీద పోరాడవలసిందే. అయితే నిర్గమకాండము 5వ అధ్యాయం మరోసారి చదవండి. మోషే అహరోనులు ఫరో ఎదుట పెట్టిన మొదటి కోరిక విడుదల కాదు. తమ దేవునికి పండుగ చేసుకోవడానికి సెలవు. ఆరాధన కోసం మూడు రోజుల ప్రయాణమంత విరామం అడిగారు. ఫరో ఏమన్నాడు? వీళ్ళు సోమరులన్నాడు. గడ్డి ఇవ్వడం మానేసి ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదన్నాడు. పెట్రోలు నీది, టార్గెట్ మాది అన్నట్టు! అప్పుడు ఇశ్రాయేలీయుల నాయకులు ప్రజల తరఫున ఫరో దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకున్నారు. ఒక్కొక్కడూ తన ఇటుకల కుప్ప దగ్గర విడివిడిగా ఏడవలేదు. ప్రతినిధులు వెళ్ళారు. ఫలితం వెంటనే మంచిగా రాలేదు, బాధ మొదట ఎక్కువైంది. ఆ నాయకులు బయటికొచ్చి మోషేనే నిందించారు (5:21). ఆ మాట బైబిలు దాచలేదు, మనమూ మన పిల్లల దగ్గర దాచకూడదు. యూనియన్‌లో చేరితే రేపటికల్లా రేటు పెరుగుతుందని మేము చెప్పడం లేదు. తగ్గవచ్చు కూడా. 2025 డిసెంబరు 31 సమ్మె రోజున కంపెనీలు ఇన్సెంటివ్ పెంచి జనాన్ని లాగిన్ చేయించాయి. రికార్డు స్థాయిలో ఆర్డర్లు అందించామని ఒక పెద్ద కంపెనీ అధిపతి ప్రకటించారు కూడా. సమ్మె విఫలమైందని చాలామంది నవ్వారు. కానీ రెండు వారాలైనా గడవక ముందే, 2026 జనవరిలో, కేంద్ర కార్మిక మంత్రి కంపెనీలతో మాట్లాడారు. ‘పది నిమిషాల్లో డెలివరీ’ అన్న ప్రచారాన్ని బ్లింకిట్ వదులుకుంది. ఏ ఒక్క కుర్రాడో విడిగా అడిగితే ఇది జరిగేదా?

సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు కలిసి ప్రత్యక్ష గుడారం ద్వారం దగ్గర మోషే ఎదుట, సర్వసమాజం ఎదుట నిలబడి ‘ఈ చట్టం మాకు అన్యాయం చేస్తోంది’ అన్నారు. వారు చెప్పింది సరైనదేనని దేవుడే తీర్పు చెప్పి చట్టం మార్చాడు. అపొస్తలుల కార్యములు 6లో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్ర పక్షంగా సణుగుడు లేచింది. అపొస్తలులు ‘సణుగుట పాపం’ అని ప్రసంగం చేసి కూర్చోబెట్టలేదు. సభ పిలిచారు, ఏడుగురిని ఎన్నిక చేయించారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అంటే ఫిర్యాదు చేసినవారి మనుషులకే పెత్తనం అప్పగించారని పలువురు వ్యాఖ్యాతలు గమనించారు. మన సంఘ కమిటీలు ఈ అధ్యాయాన్ని ఎన్నికల ముందు కాక ఎన్నికల తరువాత చదివితే మరింత మేలు!

ఇదంతా యూదుల చరిత్ర, మనకేమిటి అనుకునేవారికి మన తాతల చరిత్ర చెబుతాం. ఒంగోలు ప్రాంతంలో 1860లలో ఎర్రగుంట్ల పేరయ్యతో మొదలై మాదిగ పల్లెలు యేసు వైపు తిరిగినప్పుడు కొత్త విశ్వాసులకు పెట్టిన కట్టుబాట్లు బహు కొద్ది. విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు. మొదటి రెంటితో ఊరి పెద్దలకు అంత ఇబ్బంది లేకపోయింది. మూడోది మాత్రం వారికి మింగుడు పడలేదు. ఊరికి వెట్టి చేసేవాడు వారంలో ఒక రోజు రానంటే, ఒక్కడు కాదు పల్లెంతా రానంటే, దాన్ని ఏమంటారు? అప్పట్లో సమ్మె అనే మాట ఆ పల్లెల్లో లేదు గాని అది సమ్మే. దానికి వాళ్ళు దెబ్బలు తిన్నారు, బావి నీళ్ళకు దూరమయ్యారు, అబద్ధపు కేసుల్లో ఇరుక్కున్నారు. అయినా ఆదివారాన్ని వదులుకోలేదు. ఇవాళ మనం ఇస్త్రీ బట్టలతో పది గంటల ఆరాధనకు తీరుబడిగా వెళ్తున్నామంటే, ఆ తీరుబడి వాళ్ళు కలిసికట్టుగా నిలబడి గెలిచి ఇచ్చింది.

ఆ తరువాత 1876–78 కరువు వచ్చింది. క్లౌ దొరగారు అప్పుడు ఏం చేశారో ఒంగోలు వాళ్ళకు చెప్పనక్కరలేదు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా పనిని ఆయనే కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని చూపించారు. ఆయన బోధకులే మేస్త్రీలు. మిషనరీ కాంట్రాక్టరు అవతారం ఎత్తడమేమిటని ఆ రోజుల్లోనూ అనుకున్నవారు ఉండే ఉంటారు. కరువు తీరే వరకు, కూలి కోసం ఎవరూ క్రైస్తవులు కాకూడదని ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకెను మనం జూబిలీ సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. ఆ అంకె వెనుక పలుగు, పార, కూలి లెక్కల పుస్తకం ఉన్నాయన్న సంగతి ఆ సభల్లో ఎందుకో వినిపించదు.

ఇతర దేశాల్లో కూడా కార్మిక సంఘాల పుట్టుకలో మన ప్రొటెస్టెంట్ విశ్వాసులు కనిపిస్తారు. 1834లో ఇంగ్లండులోని డార్సెట్ ప్రాంతం, టాల్‌పడిల్ అనే పల్లెలో ఆరుగురు వ్యవసాయ కూలీలను సంఘం పెట్టుకుని ప్రమాణం చేశారన్న నేరంపై ఏడేళ్ళ శిక్ష వేసి ఆస్ట్రేలియాకు ఓడలో పంపేశారు. వారి నాయకుడు జార్జ్ లవ్‌లెస్ మెథడిస్టు ప్రసంగీకుడు. జనం పెద్దఎత్తున విన్నపాలు చేస్తే 1836లో క్షమాభిక్ష వచ్చింది. జపాను ప్రెస్బిటేరియన్ సేవకుడు తొయొహికొ కగావా సెమినరీ విద్యార్థిగా ఉండగానే, 1909 క్రిస్మస్‌కు ముందు రాత్రి, కోబె నగరంలోని షింకావా మురికివాడలోకి కాపురం మార్చాడు. ప్రిన్స్‌టన్‌లో చదివి వచ్చాక కూడా మళ్ళీ అక్కడికే వెళ్ళాడు. 1921లో కోబె ఓడల కర్మాగారాల్లో జరిగిన పెద్ద సమ్మెకు ముందు నిలిచి అరెస్టయ్యాడు. ఆ సమ్మె ఓడిపోయింది. హింస వద్దని కార్మికులను ఆపినందుకు కొందరు అతణ్ణే తప్పుపట్టారు. మన దేశంలో దీనబంధు సి.ఎఫ్. ఆండ్రూస్ ఆలిండియా ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు రెండుసార్లు, 1925లోనూ 1927లోనూ అధ్యక్షుడయ్యారు. అంతకు ముందు ఫిజీలో ఒప్పంద కూలీల కష్టాలు చూసి ఆ పద్ధతి రద్దు కోసం పోరాడారు. ఆ కూలీల్లో మద్రాసు ఓడరేవు నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళూ ఉన్నారు.

ఇక అభ్యంతరాల సంగతి. ‘మీ జీతములతో తృప్తిపడండి’ అనే భావంలో బాప్తిస్మమిచ్చు యోహాను చెప్పాడు కదా అంటారు (లూకా 3:14). చెప్పాడు. ఎవరికి? కత్తి చేతబట్టి బీదలను బెదిరించి గుంజుకునే సైనికులకు. బెదిరించేవాడికి చెప్పిన మాటను బెదిరింపబడేవాడి మీద ప్రయోగించడం వాక్యాన్ని తలకిందులు చేయడమే. పేతురు, పౌలు దాసులను లోబడమన్నారు, నిజమే. ఆ దాసులకు మరో దారి లేదు. అదే పౌలు, స్వతంత్రుడవు కాగలిగితే ఆ అవకాశం వాడుకో అని కొరింథీయులకు రాశాడు (1 కొరింథీ 7:21). ఫిలిప్పీ చెరసాల నుంచి రహస్యంగా వెళ్ళిపొమ్మంటే వెళ్ళక, అధికారులే వచ్చి తీసుకెళ్ళాలని పట్టుబట్టాడు (అపొ. కార్య. 16:37). మనకు రాజ్యాంగం 19వ అధికరణంలో సంఘాలు పెట్టుకునే హక్కు ఇచ్చింది. పౌలు తన పౌరసత్వాన్ని వాడుకున్నాడు, మన పిల్లలు వాడుకుంటే పాపమా?

అవిశ్వాసులతో ‘విజోడు’ అనే అభ్యంతరం మరింత బలంగా వినిపిస్తుంది. తెలంగాణ యూనియన్ నాయకుడు షేక్ సలావుద్దీన్ ముస్లిం సోదరుడు. సభ్యుల్లో హిందువులు, కమ్యూనిస్టులు, ఏమీ నమ్మనివారు అందరూ ఉంటారు. 2 కొరింథీ 6 సందర్భం విగ్రహారాధనలో పాలుపంచుకోవడం గురించినది. కలిసి కూలి చేసుకోవడం గురించి కాదు. లోకస్థులతో ఏ పొత్తూ వద్దంటే లోకం విడిచి వెళ్ళిపోవలసి వస్తుందని పౌలే మొదటి పత్రికలో వివరణ ఇచ్చాడు (5:10). అయినా, రెస్టారెంటు యజమాని ఎవరో, కస్టమరు ఎవరో, యాప్ పెట్టిన ఆసామి ఎవరో చూడకుండా రోజుకు పన్నెండు గంటలు పనిచేయడానికి అడ్డురాని విజోడు, కూలి పెంచమని అడిగేటప్పుడే ఎందుకు అడ్డొస్తుంది?

ఇందులో నిజమైన చిక్కు మరొకటుంది. దసరాకు బండ్లకు ఆయుధపూజ చేస్తారు, యూనియన్ ఆఫీసులో కొబ్బరికాయ కొడతారు, వినాయక చవితికి చందా అడుగుతారు. మా సలహా సూటిగా ఉంటుంది. సభ్యత్వ రుసుము కట్టండి, పూజ చందా కట్టకండి, ఆ సంగతి నాయకులకు మొదటి రోజే మర్యాదగా చెప్పండి. చెబితే అర్థం చేసుకునేవారే ఎక్కువమంది. కొబ్బరికాయకు భయపడి దూరంగా నిలబడేవారు, యూనియన్ సాధించిన ప్రమాద బీమాను మాత్రం దూరంగా ఉంచరు కదా.

సంఘమంటే చాలు అది మంచిదేనని మేము అనడం లేదు. అపొస్తలుల కార్యములు 19లోని దేమేత్రి సభ కూడా ఒక వృత్తి సంఘమే. వెండి గుళ్ళు చేసే పనివారిని కూడగట్టి, తన లాభం పోతుందన్న బాధకు దేవి భక్తి అనే ముసుగు వేశాడు. రెండు గంటలు అరిచారు, ఎందుకు కూడామో చాలామందికి తెలియదని లూకా కాస్త చమత్కారంగానే రాశాడు (19:32). మన ఊళ్ళలో జరిగే కొన్ని ధర్నాలు ఇంచుమించు అంతే. సమ్మె రోజున లాగిన్ అయిన తోటి కార్మికుడి బండి తాళం లాక్కోవడం, అతని డబ్బా విసిరేయడం మాకు సమ్మతం కాదు. ఇంట్లో జబ్బు మనిషి ఉండి ఆ రోజు పని మానలేనివాడు ద్రోహి కాడు. నాయకుడు ఎన్నికల టికెట్టు కోసం కార్మికులను మెట్లుగా వాడుకుంటుంటే అది కూడా చూసి ఊరుకోకూడదు. సభ్యత్వ రుసుముకు రసీదు అడగండి. లెక్కలు చదివి వినిపించమనండి. కానుకల పెట్టె లెక్క ప్రతి వారం రాసే కోశాధికారులు మన సంఘాల్లో పెరిగారు. అలాంటివారు యూనియన్‌లో ఉంటే ఆ యూనియన్‌కే మేలు.

చట్టం ఎంత దూరం వచ్చిందో కూడా మన యువకులు తెలుసుకోవాలి. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ ‘గిగ్ వర్కర్’ అన్న మాటను దేశ చట్టంలోకి తెచ్చింది. 2025 నవంబరు 21 నుంచి అది అమల్లోకి వచ్చింది. కంపెనీలు వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం, కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతానికి మించకుండా, సంక్షేమ నిధికి ఇవ్వాలి. మేలే. కానీ సంప్రదాయ యజమాని–ఉద్యోగి సంబంధానికి వెలుపల ఉన్నవాడనే ఆ కోడ్ అతణ్ణి నిర్వచించింది కనుక కనీస వేతనం, పని గంటలు అడిగే హక్కు అతనికి రాలేదు. రాజస్థాన్ 2023లో దేశంలోనే మొదటగా ఈ కార్మికుల కోసం చట్టం చేసింది. కర్ణాటక 2025లో చేసిన చట్టంలో, సేవల నుంచి తొలగించాలంటే కారణం రాసిచ్చి 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్న నియమం ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో రూ.5 లక్షల ప్రమాద బీమా ప్రకటించి, 2025 ఏప్రిల్‌లో ముసాయిదా బిల్లును ప్రజల ముందు పెట్టింది. అదే 2023 జనవరిలో హైదరాబాదులో ఆర్డరు ఇవ్వడానికి వెళ్ళిన 23 ఏళ్ళ కుర్రాడు, ఆ ఇంటి కుక్క తరిమితే మూడో అంతస్తు నుంచి కిందపడి మరణించాడు. అలాంటి ఇంటి తల్లి చేతికి ఎంత, ఎవరు, ఎప్పుడు ఇవ్వాలన్నది దయాదాక్షిణ్యాల మీద కాక చట్టంలో రాసి ఉండాలని పట్టుబట్టింది ఈ యూనియన్లే. దేశంలో ఇలాంటి కార్మికులు 2020–21లోనే 77 లక్షలని, 2029–30 నాటికి 2.35 కోట్లకు చేరతారని నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది.

కోర్టులే అన్నీ తేల్చేస్తాయని అనుకోవద్దు. బ్రిటన్ సుప్రీంకోర్టు 2021లో ఊబర్ డ్రైవర్లు కార్మికులేనని చెప్పింది. అదే కోర్టు 2023లో డెలివరూ అనే సంస్థ రైడర్ల విషయంలో యూనియన్‌కు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఆర్డరును తమ బదులు మరొకరితో పంపించే వీలు వారికి ఉందన్నది అందులో ముఖ్య కారణం.

కంపెనీల గురించి ఇంత చెప్పాక మన ఇంటి సంగతి దాటవేయలేం. మన మిషన్ ఆసుపత్రుల్లో, క్రైస్తవ పాఠశాలల్లో ఆయాలకు, వాచ్‌మన్లకు ఎంతిస్తున్నామో, ఎన్ని నెలలకోసారి ఇస్తున్నామో మనకు తెలుసు. ‘ఇది దేవుని పని, జీతం అడగకూడదు’ అనే మాట లాబాను మాట కన్నా తియ్యనిది. ఆదివారం ఆరాధన ముగియగానే మనం ఏం చేస్తున్నాం? ఆవరణ దాటకముందే ఫోను తీసి బిరియానీ ఆర్డరు పెడతాం. ఆదివారం మధ్యాహ్నం, రాత్రి గిరాకీ ఎక్కువ కనుక ఇన్సెంటివ్ అప్పుడే ఎక్కువ. పదకొండు గంటలకు లాగిన్ అయితేనే ఆ లెక్క నిండుతుంది. మన ప్రసంగం పన్నెండున్నర దాటుతుంది. బల్లారాధన ఉన్న వారమైతే ఒంటిగంట. ఆ కుర్రాడు మూడు ఆదివారాలు వరుసగా రాకపోతే ‘వెనుకబడిపోయాడు’ అని ప్రార్థనలో పేరు చదువుతాం, అతను తెచ్చిన పొట్లం విప్పుకుని తింటూనే. నాలుగో ఆజ్ఞ యజమానికి మాత్రమే విశ్రాంతి ఇవ్వలేదు. దాసుడు, దాసి, ఇంట ఉన్న పరదేశి కూడా విశ్రమించాలంది (ద్వితీయోపదేశకాండము 5:14). మన తాతలు దెబ్బలు తిని నిలబెట్టుకున్న ఆదివారాన్ని వారి మనవలు రూ.200 ఇన్సెంటివ్ కోసం వదులుకోవలసి వస్తోంది. ‘వారానికి ఒక రోజు సెలవు పెట్టినా ఇన్సెంటివ్ కోత ఉండకూడదు’ అన్న కోరికను యూనియన్ డిమాండ్ల పత్రంలోకి ఎక్కించగలిగినవాడు ఆ యూనియన్‌లో ఉన్న మన కుర్రాడే. బయట ఉండి ఎక్కించలేడు.

మీ సంఘంలో ఇలాంటి యువకులు ఎందరున్నారో ఒక ఆదివారం కాక ఒక మంగళవారం కనుక్కోండి. ఆదివారం వాళ్ళు కనిపించరు. మధ్యాహ్నం మూడు నుంచి ఐదు వరకు ఆర్డర్లు పలచగా ఉంటాయి. ఆ వేళలో వాళ్ళు చెట్ల కింద, మూసిన షాపుల మెట్ల మీద, బండి సీటు మీద పడుకుని కనిపిస్తారు. మా మందిరంలో ఇప్పుడు ఆ రెండు గంటలు గేటు తీసి ఉంచుతున్నాం. తాగునీళ్ళు, రెండు ఫ్యాన్లు, ఫోను చార్జింగుకు నాలుగు ప్లగ్గులు, మరుగుదొడ్డి. మంగళవారం మూడున్నరకు ఇరవై నిమిషాల ఆరాధన. మొదటి వారం ఆరుగురు వచ్చారు, వారిలో ఇద్దరు క్రైస్తవులు కాదు. యూనియన్ వాళ్ళు తమ నెలవారీ మీటింగుకు హాలు ఇవ్వగలరా అని అడిగారు. కమిటీలో కొందరు పెద్దలకు ఇష్టం లేదు. వచ్చే నెల సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెడుతున్నాం.